మళ్ళీ మళ్ళీ వచ్చిన తెల్ల కారు

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు తమ్ముడు నాగూరు సలాం.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, ఎండలో తిరగడం లేదు. ఈ మూడూ నువ్వు ఎలాగూ అడుగుతావని ముందే రాసేశాను. నీ నడుం నొప్పి తగ్గిందా? పరుపులు కుట్టేటప్పుడు నేల మీద కూర్చోవద్దు, పీట వేసుకోమంటే వినవు. బావ దగ్గు ఎలా ఉంది? పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారా, ఎండ పేరు చెప్పి ఎగ్గొడుతున్నారా? మీ అత్తగారు మందులు సరిగ్గా వేసుకుంటున్నారా? అందరి సంగతీ నాకు కావాలి.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటి అనుకుంటున్నావు కదూ. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు. కనిగిరిలో మన వీధి వీధంతా వింటుంది. బావ ఉన్న రోజైతే మధ్యలో దూరి, "ఒరేయ్, చీమకుర్తిలో మేస్త్రీతో మాట్లాడేశా, ఎప్పుడొస్తున్నావు?" అంటాడు. నేను "బాగున్నానక్కా" అని పెట్టేస్తాను. ఈసారి చెప్పాల్సింది అలా పెట్టేస్తే అయ్యేది కాదు. ఈ ఉత్తరంతో పాటు ఒక మూట కూడా బస్సులో పంపుతున్నాను. చదవడం అయ్యాక విప్పు. నీ సంగతి నాకు తెలియదా, ఈపాటికి విప్పేసే ఉంటావు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మన వైపు ఎండ ఒళ్ళు కాలుస్తుంది, అంతే. ఇక్కడి ఎండలో మిరపకాయల ఘాటు కలిసి ఉంటుంది. సీజన్ కదా, మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీచిందంటే రోడ్డు మీద అందరూ ఒకేసారి తుమ్ముతారు. వచ్చిన కొత్తలో నాకు జలుబు చేసిందనుకుని మాత్రలు మింగాను. మా షాపులో వాళ్ళు నవ్వి చచ్చారు. నీళ్ళు మాత్రం చాలా బాగున్నాయి, కుళాయి నీళ్ళు తాగినా దాహం తీరుతుంది. మెస్సులో గోంగూర బాగా చేస్తారు. సజ్జ రొట్టె దొరకదు. అడిగితే వింతగా చూస్తారు. గదిలో ఒక్కడినే ఉంటున్నాను. పని ఉన్నంతసేపు ఏమీ అనిపించదు, గదికి వచ్చి తాళం తీస్తున్నప్పుడే మీరంతా గుర్తొస్తారు. తలకింద స్పాంజి దిండు ఒకటి ఉంది, దాని మీద పడుకుంటే మెడ పట్టేస్తోంది. దూది ఏకిన ఇంట్లో పుట్టి స్పాంజి మీద తల పెట్టడం నాకే సిగ్గుగా ఉంది.

ఇక అసలు సంగతి. మా ఓనరు శేషయ్య గారు నన్ను పనిలో పెట్టుకున్న రోజే ఒక మాట అన్నారు. "ఇళ్ళల్లో ఫ్రిజ్జులు బాగు చేసినోడివి. కార్ల ఏసీ వేరు. మిరప సీజన్ అయిపోయేలోపు చెయ్యి కుదిరిందా, ఉండు. లేదా, బ్యాగు సర్దుకో." నేను ఈ మాట నీకు చెప్పలేదు. చెబితే నువ్వు బావకు చెబుతావు, బావ ఆ రోజే చీమకుర్తి బస్సెక్కిస్తాడు. బావ మంచికే చూస్తున్నాడని తెలుసు. కానీ అక్కా, రాయి కోసే ఫ్యాక్టరీలో ఆ తెల్ల దుమ్ములో నిలబడి బావ ఎలా దగ్గుతున్నాడో చూశాక నాకు అక్కడికి వెళ్ళాలని లేదు. ఉన్న మాట రాస్తున్నాను. నాకు ఆ పని భయం.

చెయ్యి కుదురుతోంది అనుకునేసరికి ఆ తెల్ల కారు వచ్చింది. చాలా పాతది, ఇప్పుడు అలాంటివి రోడ్డు మీద పెద్దగా కనబడవు. సుబ్బాయమ్మ గారిది. యార్డులో మిర్చి కమిషన్ వ్యాపారం చేస్తారావిడ. భర్త పోయాక ఆ కొట్టు తనే నడుపుతున్నారు. ఆవిడకి ఆయాసం. సీజన్‌లో రోజూ యార్డుకు వెళ్ళక తప్పదు, వెళ్తే ఆ ఘాటుకు అద్దాలు దించకూడదు, అద్దాలు ఎత్తి ఉండాలంటే ఏసీ చల్లగా ఉండాలి. కారు కొన్ననాటి నుంచీ డ్రైవరు కోటయ్య బాబాయే. బాబాయ్ అనేది నేను పెట్టుకున్న వరస. ప్రత్తిపాడు వైపు ఊరు, ఇంటి దగ్గర కొద్దిగా పత్తి చేను ఉంది. ఆ కారుని పశువుని చూసుకున్నట్టు చూసుకుంటాడు. షాపుకు తెచ్చే ముందు శుభ్రంగా కడిగి, బానెట్ లోపల కూడా గుడ్డ పెట్టి తుడిచి, అప్పుడు తెస్తాడు. "మాసిన కారు మీ చేతుల్లో ఎట్టా పెడతాన్రా?" అంటాడు.

కారు ఏసీలో గ్యాసు ఎక్కువ తక్కువ చూసి నింపడానికి చిన్న ఇత్తడి మూతి ఉంటుంది. సర్వీస్ వాల్వు అంటాం. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టే చోటు ఉంటుంది చూడు, అలాంటిదే. లోపల సన్న పిన్ను ఉంటుంది. నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. దాని మీద మర మూత బిగిస్తాం. ఇంత తెలిస్తే చాలు నీకు, మిగతా కథ అర్థమవుతుంది.

మొదటిసారి గ్యాసు తగ్గిందని వస్తే నేనే పట్టాను. చల్లగా వెళ్ళింది. కొన్నాళ్ళకే మళ్ళీ వచ్చింది, గాలి వెచ్చగా ఉందని. ఎక్కడో కారుతోందన్నమాట. గ్యాసుతో పాటు లోపలి నూనె కూడా వస్తుంది గనక, ఎక్కడ కారినా అక్కడ కాస్త నూనె జిడ్డు కనబడాలి. ఎంత వెతికినా ఒక్క మరక లేదు. పైపుల అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసి చూశాను, వాల్వు మూతికీ రాశాను. ఒక్క బుడగ రాలేదు. మళ్ళీ గ్యాసు పట్టి పంపాను. మళ్ళీ వచ్చింది. ఈసారి శేషయ్య గారే కూర్చుని చూశారు, ఆయనకీ దొరకలేదు. డాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్ చిల్లిపడి ఉంటుందని అన్నారు గానీ, అంత పాత కారు డాష్‌బోర్డు ఊడదీస్తే తిరిగి సరిగ్గా కూర్చోదు. సుబ్బాయమ్మ గారు వద్దన్నారు. ఇంకోసారి గ్యాసు పట్టి పంపించాం. ఆ రోజు నుంచి శేషయ్య గారు నాతో మాటలు తగ్గించారు. మొదట గ్యాసు పట్టింది నేను గనక లోపం నా చేతిదే అని ఆయన మనసులో పడింది. నాకూ అదే అనుమానం. మెస్సులో కూర్చుంటే అన్నం సయించేది కాదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు "గొంతు అదోలా ఉందేంట్రా?" అన్నావు. మిరప ఘాటు అన్నాను. ఘాటు కాదక్కా, ఈ కారు.

పోయిన వారానికి ముందు వారం ఒక పొద్దున ఆ కారు చెప్పాపెట్టకుండా వచ్చి షాపు ముందు ఆగింది. కోటయ్య బాబాయ్ మొహం పాలిపోయి ఉంది. యార్డు గేటు దగ్గర లారీల మధ్య ఇరుక్కున్నారట. ఏసీ వేడి గాలి కొడుతోందని ఆవిడ అద్దం దించారు, ఘాటు లోపలికి వచ్చి ఊపిరి అందలేదు. బాబాయ్ ఆవిడని ఆటో ఎక్కించి ఇంటికి పంపి, కారుని తిన్నగా ఇటు తెచ్చేశాడు. అంతలోనే శేషయ్య గారికి ఆవిడ ఫోన్. మందు పీల్చుకున్నారట, గొంతు మామూలుగానే ఉంది, కోపంగా కూడా ఉంది. "ఇదే ఆఖరు శేషయ్యా. ఈసారి కూడా ఇంతే అయితే కారు పాత ఇనుముకి అమ్మేస్తా, మీ షాపు గడప తొక్కను." ఫోన్ పెట్టేసి ఆయన నా వైపు తిరిగారు. "విన్నావుగా. ఇది మళ్ళీ వచ్చిందంటే సీజన్ అయ్యేదాకా ఆగక్కర్లా, ఆ రోజే నీ లెక్క తేల్చేస్తా."

బానెట్ ఎత్తాను. ఎత్తగానే తుమ్ములు. ఆ రోజు బాబాయ్‌కి కారు కడిగే తీరిక లేదు కదా, లోపలంతా ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ములో వాల్వు మూత చుట్టూ మాత్రం తడిగా, గాజులాగా ఒక ఎర్ర చుట్టు కనబడింది. నూనె జిడ్డుకు మిరప దుమ్ము అంటుకుని అలా తేలింది. అంటే జిడ్డు ప్రతిసారీ ఉంది, ప్రతిసారీ బాబాయ్ తుడిచేసి తెస్తున్నాడు! మూత తీయకుండానే దాని అంచుకు నురగ రాశాను. చిన్న చిన్న బుడగలు వరసగా లేచాయి. మూత విప్పాను. లోపల దూది. గట్టిగా దట్టించిన దూది, నూనె తాగి బిళ్ళ కట్టి ఉంది. అది బయటికి లాగి మూతికి నురగ రాస్తే ఒక్క బుడగ లేదు. మళ్ళీ దూది పెట్టి మూత బిగిస్తే బుడగలు.

ఇది ఎవరికైనా అర్థం కావడానికి కాస్త టైము పట్టేదేమో గానీ, నాకు వేళ్ళ మధ్య పెట్టి నలపగానే తెలిసిపోయింది. నాన్న పరుపు నింపుతూ మనిద్దరినీ తిట్టేవాడు గుర్తుందా? "దూది మెత్తనే గానీ కూరితే రాయవుతుందే, ఎదురు తంతుంది" అనేవాడు. నువ్వు మూల మూలకీ పిడికిలితో కూరేదానివి, నేను చూసి నవ్వేవాడిని. ఇక్కడ జరిగిందీ అదే. మూత బిగించిన కొద్దీ దూది ఎదురు తన్ని లోపలి పిన్నుని నొక్కుతోంది. పిన్ను నొక్కుకుంటే గ్యాసు సన్నగా పోతూనే ఉంటుంది. మూతలో రబ్బరు ఊడిపోయింది కాబట్టి అది కూడా ఆపలేదు. బానెట్ లోపల చెయ్యి పెట్టేది మేము కాక బాబాయ్ ఒక్కడే. మేము చూసేటప్పుడు దూది ఉండదు, బాబాయ్ తుడిచేటప్పుడే తీసేస్తాడు, అందుకే బుడగ రాలేదు. ఇంటికి వెళ్ళాక కొత్త దూది పెడతాడు.

లోపం దొరికిందని ఎగిరి గంతెయ్యాలి. కానీ దొరికింది బాబాయ్ దూది. చెబితే కోటయ్య బాబాయ్ పని పోతుంది. ఆవిడకి ఊపిరాడకుండా చేసింది ఆయన దూదే అని తెలిస్తే ఎవరు ఊరుకుంటారు? చెప్పకుండా ఏదో వాల్వు అరిగిపోయిందని దాటేస్తే, ఆయన మళ్ళీ దూది పెడతాడు, కారు మళ్ళీ వస్తుంది, నేను చీమకుర్తి వెళ్తాను. చాలాసేపు ఆ దూది చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చివరికి బాబాయ్‌ని పక్కన టీ బడ్డీ దగ్గరికి తీసుకెళ్ళి అరచేతిలో పెట్టి చూపించాను.

"ఇది నువ్వేనా బాబాయ్ పెట్టింది?"

"నేనేరా. మూతలో రబ్బరు ఊడిపోయింది. దుమ్ము లోపలికి పోద్దని మా చేలో పత్తే గింజ తీసి పెడతన్నా. ఏం, తప్పా?"

నేను మొత్తం చెప్పాను. అడ్డం రాకుండా విన్నాడు. టీ చల్లారిపోయింది. "అయితే అమ్మగారికి ఇయ్యాల ఊపిరాడంది నా మూలంగానా?" అన్నాడు. అంత పెద్ద మనిషి కళ్ళు తుడుచుకుంటుంటే ఎటు చూడాలో తెలియలేదు. "మా ఓనరుకి నేనేమీ చెప్పను బాబాయ్, నువ్వు ఇంక దూది పెట్టకుండా ఉంటే చాలు" అన్నాను. అది నిజంగానే అన్నాను, అక్కా. తర్వాత ఏమైతే అది అవుతుందనుకున్నాను.

పని మొదలుపెట్టాను. అన్నాళ్ళు నొక్కుకుని ఉండటంతో పిన్ను కొద్దిగా వంగింది, దాని రబ్బరూ గట్టిపడింది, అది కూడా ఉంచితే లాభం లేదు. ముందు మిగిలిన గ్యాసుని మెషిన్‌లోకి లాగేశాను. పాత పిన్ను విప్పి, మూతిలో దుమ్ము లేకుండా తుడిచి, కొత్త పిన్ను రబ్బరుకు ఒక చుక్క కంప్రెసర్ నూనె రాసి, చేత్తో తిరిగినంతే బిగించాను, అంతకు మించి తిప్పలేదు. తర్వాత పంపు పెట్టి లోపలి గాలి, తేమ లాగేసి, ఒత్తిడి చూపే గేజీ ముల్లు కదలకుండా నిలబడుతుందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. నిలబడింది. అప్పుడు గ్యాసు పట్టి, రబ్బరున్న కొత్త మూత బిగించి, మూత ఉండగా ఒకసారి, తీసి ఒకసారి నురగ రాశాను. బుడగ లేదు.

సాయంత్రం సుబ్బాయమ్మ గారే ఆటోలో వచ్చారు. వచ్చీ రాగానే "ఏంటంటయ్యా దాని జబ్బు?" అన్నారు. శేషయ్య గారు నన్ను చూశారు. "వాల్వులో పిన్ను వంగిందండి, మార్చాను" అన్నాను. అది అబద్ధం కాదు, మొత్తం నిజమూ కాదు. "ఇన్నిసార్లు చూసినోళ్ళకి అది ఇప్పుడు కనపడిందా?" అన్నారావిడ. శేషయ్య గారి మొహం ఎర్రబడింది. నా పని అయిపోయిందనుకున్నాను.

కోటయ్య బాబాయ్ ముందుకొచ్చాడు. "ఆ కుర్రోడిది తప్పు లేదమ్మా. మా చేలో దూది పెట్టి మూత బిగించింది నేను. దుమ్ము పోకూడదని పెట్టా. దానివల్లే గ్యాసు పోయింది. జిడ్డు కనపడకుండా తుడిచిందీ నేనే." చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ బాబాయ్ వైపు తిరిగారు. "అంటే ఇన్నాళ్ళూ నా గ్యాసంతా నీ చేలో పత్తి తాగిందన్నమాట" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆవిడే కారు దగ్గరికి వెళ్ళి వెనక తలుపు తీసుకుని కూర్చుని, అద్దం ఎత్తమన్నారు. ఎత్తే ముందు బాబాయ్‌తో ఒకటే మాట. "ఇక ఆ మూత మీద చెయ్యి పెట్టకు కోటయ్యా. మిగతా కారంతా నీదే." బాబాయ్ తల ఊపి స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. స్పానర్లు వెతుక్కుంటున్నట్టు పక్కకి వెళ్ళిపోయాను.

శేషయ్య గారు మాత్రం అంత తేలిగ్గా మెత్తబడే మనిషి కాదు. "చూద్దాం. మళ్ళీ రాకుండా ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. ఆ రోజు నుంచి తెల్ల కారు కనబడితే చాలు, నంబరు చూసేదాకా నాకు పని సాగదు. ఈ ఊళ్ళో ఇన్ని తెల్ల కార్లు ఉన్నాయని అంతకుముందు తెలియదు.

నిన్న పొద్దున అది నిజంగానే వచ్చింది.

దూరం నుంచే గుర్తుపట్టాను. చేతిలో ఉన్న గేజీ కింద పెట్టేశాను. శేషయ్య గారు కుర్చీలోంచి లేచారు. కోటయ్య బాబాయ్ దిగి, మమ్మల్ని పట్టించుకోకుండా వెనక్కి వెళ్ళి డిక్కీ తెరిచి ఒక తెల్ల మూట దించాడు. "ఏసీ ఏమైంది?" అని శేషయ్య గారు అరిచారు. "ఏసీకేమైంది? జలుబు చేసేట్టుంది" అన్నాడు బాబాయ్. శేషయ్య గారు నమ్మకుండా లోపలికి దూరి గాలి వచ్చే చోట థర్మామీటర్ పెట్టి చూశారు. థర్మామీటర్ తుడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చారు. సొరుగు తెరిచి గేజీల పెట్టె తాళంచెవి తీసి నా జేబులో వేశారు. "ఇకనుంచి పొద్దున్నే పెట్టె నువ్వే తెరువు, నేను ఆలస్యంగా వస్తా" అని తన కుర్చీలో కూర్చున్నారు. ఆ తాళంచెవి ఇప్పటిదాకా ఆయన ఎవరికీ ఇవ్వలేదట.

బాబాయ్ మూట నా చేతుల్లో పెట్టాడు. స్పాంజి దిండు వల్ల మెడ పట్టేస్తోందని, ఇంటి దగ్గర మా అక్క పరుపులు కుడుతుందని ఎప్పుడో మాటల్లో అన్నాను, గుర్తుపెట్టుకున్నాడు. మూట నిండా వాళ్ళ చేలో పత్తి, వాళ్ళింట్లో పిన్నిగారు కూర్చుని చేత్తో గింజలు తీసిందట. "మీ అక్కకి పంపరా, దిండు కుట్టిద్ది. మూతలో పెట్టకు మరి" అన్నాడు, నవ్వుతూ.

నీ చేతిలో ఉన్న మూట అదే, అక్కా. ఇప్పుడు చెబుతున్నాను, బావకు నువ్వే చెప్పు, నా తరఫున మెత్తగా చెప్పు. చీమకుర్తి మేస్త్రీని ఇంకెవరినైనా చూసుకోమని చెప్పమను. నేను ఇక్కడే ఉంటున్నాను. బావ కూడా ఆ దుమ్ములోంచి బయటపడే దారి ఏదైనా దొరుకుతుందేమో నేను ఇక్కడ వాకబు చేస్తాను. అప్పటిదాకా మూతికి గుడ్డ కట్టుకునే పని చెయ్యమను. డాక్టరుకు ఒకసారి చూపించమను, వాయిదాలు వద్దు.

మీ అత్తగారికి నా సలాం. పక్కింటి రమణమ్మ పిన్నిని అడిగానని చెప్పు. నాన్న దూది ఏకే విల్లు అటక మీద చెదలు పట్టకుండా ఒకసారి దించి ఎండలో పెట్టు. నమాజులో కూర్చున్నప్పుడు నా కోసం కూడా దువా చెయ్యి. నువ్వు చేస్తే నాకు ధైర్యం.

తీరిక దొరికినప్పుడే దిండు కుట్టు, తొందరేమీ లేదు. గట్టిగా కూరొద్దు. నాకు మెత్తగా ఉండాలని నువ్వు ప్రేమ కొద్దీ పిడికిలితో దట్టించేస్తావు, నాకు తెలుసు. కాస్త వదులుగా వదిలెయ్యక్కా, దానికదే సర్దుకుంటుంది.

నీ దీవెన కోరే తమ్ముడు,
నాగూరు